కొట్టివేతలు లేని రిజిస్టరు

మా స్కూల్లో హిస్టరీ అడ్వాన్స్‌డ్ పేపరు చెప్పే మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీ ఏడాదిగా ఖాళీగానే ఉంది. "నీ అంతట నువ్వే చదువుకుని పరీక్ష రాసుకో, పాసైతే క్రెడిట్ ఇస్తాం" అన్నారు ఆఫీసులో, ఏదో దానం చేస్తున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చేస్తాను, నాకు ఆ క్రెడిట్ కావాలి. అదొక్కటి తక్కువైతే కాలేజీ సీటు రాదు. సీటొస్తే చదువు, చదువైతే ఉద్యోగం, ఉద్యోగం రాగానే నేను మొట్టమొదట చేసే పని మా నాన్నని ఆ డ్యాము గేటు దగ్గర్నుంచి తీసుకొచ్చెయ్యడం. ఇదీ నా లెక్క. ఈ లెక్క కోసమే తొమ్మిది వందల పేజీల పుస్తకం ఒక్కదాన్నే నమిలి మింగుతున్నాను.

ఆ గేటు సంగతి ముందు చెప్పాలి. ఊరికి ఎగువన, బస్సులో పావుగంట దూరంలో డ్యాము. మూడు గేట్లు. పక్కనే ఎత్తు మీద చిన్న గది. నాన్న చేరిన కొత్తలో అక్కడ ముగ్గురు మనుషులు, మూడు షిఫ్టులు. ఒకాయన రిటైరయ్యాడు, ఇంకొకాయన పోయాడు, వాళ్ళ బదులు ఎవరినీ వెయ్యలేదు. ఇప్పుడు మా నాన్న ఒక్కడే. పని వినడానికి సులువు. నీళ్ళలో నిలబెట్టిన రాతి స్తంభం మీద అడుగుల గీతలుంటాయి. మూడు గంటలకోసారి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టాలి. ఇరవై నాలుగు దగ్గర ఎర్ర గీత. అక్కడిదాకా వస్తే సైరను మోగించి గేట్లు ఎత్తాలి. కాకపోతే ఆ గీతలు కనబడాలంటే గదిలోంచి అరవై రెండు మెట్లు దిగాలి, మళ్ళీ అరవై రెండూ ఎక్కాలి. నాన్న మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి.

మా తాతదీ అదే ఉద్యోగం, అప్పట్లో ఆయనా ఒక్కడే. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం వరదొచ్చి కింది వీధులన్నీ మునిగాయి. నలభై ఒక్క మంది పోయారు. వాళ్ళలో తాత ఒకడు. ఊరి మధ్యలో నల్లరాతి పలక మీద అందరి పేర్లూ ఉన్నాయి. అన్నిటికంటే పైన తాత పేరు, దాని కింద "చివరి క్షణం దాకా గేట్లు ఎత్తుతూ ప్రాణమిచ్చినవాడు" అని. ఆ పలక పక్కనుంచి నడిచినప్పుడల్లా నాన్న తల దించుకుని గబగబా వెళ్ళిపోతాడు. వినయం అనుకునేదాన్ని. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాకున్నది నాన్న, నాయనమ్మ. ఆ ఉన్న ఒక్క నాన్నా తాత పోయిన చోటే రోజూ పోయి కూర్చుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న రిజిస్టరు ఇంటికి తెచ్చేవాడు. వచ్చే వారం పేజీలకి గళ్ళు గీసి, తేదీలూ టైములూ వేసి, నీటిమట్టం అంకె కూడా నింపిపెట్టడం నా పని. పదేళ్ళప్పుడు మొదలైంది. "మా లాయరమ్మ అంకెలు ముత్యాలు" అని మురిసిపోయేవాడు. నేను ప్రతిదానికీ వాదిస్తానని నాకా పేరు. నేను నింపాక తను వరసగా సంతకాలు పెట్టేసేవాడు. "రేపటి నీళ్ళు నీకెలా తెలుసు నాన్నా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "తేడా వస్తే కొట్టేసి రాస్తాలేవే" అన్నాడు. ఎనిమిది నెలలుగా నేను వేస్తున్నది పద్దెనిమిది. చివరికి నా చదువు సంగతీ అంతే. సొంతంగా చదివేవాళ్ళు రోజుకి ఎన్ని గంటలు చదివారో ఒక కాగితం మీద రాసి సంతకం చేయించుకోవాలి, గంటలు తక్కువైతే క్రెడిట్ రాదు. మా లైబ్రేరియన్ మేడమ్ నాలుగు వారాల ఖాళీ కాగితాల మీద ఒకేసారి సంతకం పెట్టి నా చేతికిచ్చింది. "నీ మీద నమ్మకం ఉందిలే అమ్మాయ్" అంది. రోజుకి రెండు గంటలని నేనూ నింపేశాను. నింపడంలో మా ఇంటివాళ్ళని మించినవాళ్ళు లేరు.

పరీక్ష కాక ఇంకొక పని ఉంది. ఎక్కడా అచ్చుకాని పాత కాగితం ఒకటి వెతికి, దాని మీద వ్యాసం రాయాలి. నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరి కోసం రాశారు? ఏం రాయకుండా వదిలేశారు? సోమవారం ఆఖరు తేదీ అనగా, దానికి పది రోజుల ముందు నాయనమ్మని అడిగాను, తాతవి పాత కాగితాలేవైనా ఉన్నాయా అని.

నాయనమ్మ లేచి, బీరువాలో బట్టల అడుగునుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి?"

"మీ తాత రిజిస్టరు. ఆఖరిది."

"వరదలో కొట్టుకుపోయిందన్నారు కదా!"

"వాళ్ళు అనుకున్నారు. నేను కాదనలేదు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇలాంటి కాగితం దొరకడమంటే క్రెడిట్ చేతిలోకి వచ్చినట్టే. నాయనమ్మ నా మొహం చూసి నవ్వలేదు. "నాకు చదువు రాదు. అందులో ఏముందో నువ్వు చదువుకో. నాకు మాత్రం చదివి వినిపించకు" అంది.

ఆ రాత చదవడం కష్టమేమీ కాలేదు. అన్నిచోట్లా పన్నెండే. అప్పట్లో డ్యాము ఇంకా ఎత్తు పెంచలేదు, ఏడాది పొడుగునా నీళ్ళు పన్నెండు అడుగులే ఉంచేవాళ్ళట. పేజీల కొద్దీ 12, 12, 12. పక్కన తాత సంతకం. అంకెలు మాత్రం అదోరకంగా ఉన్నాయి. గట్టిగా నొక్కి రాసినవి, వెనక పేజీ తడిమితే వేలికి తగులుతున్నాయి. రెండు అంకె తోక వెనక్కి తిరిగి తేలు కొండిలా పైకి లేచి ఉంది. ఆ వారం పేజీకి వచ్చాను. సోమవారం పన్నెండు. మంగళవారం, బుధవారం పన్నెండు. గురువారం పొద్దున, మధ్యాహ్నం, మూడింటికి పన్నెండు. ఆరింటికి పన్నెండు.

గురువారం ఆరింటికి డ్యాము మీద నీళ్ళు పారుతున్నాయి. ఊరు సగం మునిగింది. ఆ గడిలో పన్నెండు, పక్కన తాత సంతకం.

పేజీ తిప్పాను. శుక్రవారం పొద్దున ఆరింటికి పన్నెండు, సంతకం. శనివారం కూడా. పోయిన మనిషి రెండు రోజుల పాటు నీళ్ళు చూసి సంతకాలు పెడుతూనే ఉన్నాడు. పుస్తకం మూసేసి, ఎవరైనా చూశారేమోనని తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాను.

అప్పుడైనా దీనికి బుద్ధి రావద్దూ అని మీరనుకుంటారు. రాలేదు. నాకు తాత మీద కోపం వచ్చింది, అంతే. నలభై మందిని పొట్టన పెట్టుకుని రాతిపలక మీద మొదటి పేరుగా కూర్చున్నాడని కుతకుతలాడిపోయాను. ఆ కోపంతోనే వారం రోజులు కూర్చుని చిత్తుప్రతి రాశాను. మధ్యలో ఆదివారం వచ్చింది. నాన్న రిజిస్టరు తెచ్చాడు. నేను బల్ల మీద తాత పుస్తకం పక్కకి జరిపి, గుడ్డ కప్పి, నాన్న పుస్తకంలో వారానికి సరిపడా పద్దెనిమిదులు వేసి ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేతిని విరగ్గొట్టాలనిపిస్తుంది.

గురువారం భోజనం డబ్బా పట్టుకుని డ్యాముకి వెళ్ళాను. వ్యాసం పంపేముందు నాన్నకి చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. మా ఊళ్ళో వాన పడి ఇరవై రోజులైంది. ఎగువన కొండల మీద మాత్రం మూడు రోజులుగా మబ్బు నల్లగా కూర్చుని ఉందని బస్సులో ఎవరో అంటే విన్నాను.

గది గుమ్మంలో నాన్న చెప్పు విసురుతున్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఎలకలే తల్లీ. పొద్దున్నుంచీ మెట్ల మీదుగా పైకొస్తున్నాయి. ఎక్కడివో ఏమో, ఒకటీ రెండూ కాదు. పిల్లిని పెంచాలి ఇక్కడ."

"పిల్లికి ఆటగా ఉంటుంది. ఎలకలు మాత్రం ప్రాణం మీదకొస్తేనే ఇంత ఎత్తు ఎక్కుతాయి" అన్నాను. అన్నానే గానీ, ఆ మాట నా చెవికే ఎక్కలేదు. నా ధ్యాసంతా తాత మీద ఉంది.

నాన్న డబ్బా విప్పాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. రిజిస్టరు దొరికిందని, అందులో శుక్రవారం, శనివారం సంతకాలున్నాయని, అదే నా వ్యాసమని. నాన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"ఆ పుస్తకం మీ నాయనమ్మ ఇచ్చిందా?"

"ఆఁ."

"ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు. సోమవారం పంపాలి."

"పంపకు."

"పంపకపోతే క్రెడిట్ రాదు నాన్నా. ఇంకో కాగితం వెతికే టైము లేదు."

"పోతే పోనీవే! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పలక మీద ఏముందో అదే చరిత్ర. అంతకు మించి ఎవడికీ అక్కర్లేదు." నాన్న నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. వెంటనే తగ్గించేశాడు. "మీ తాత చెడ్డవాడు కాదమ్మా. రోజూ అవే నీళ్ళు, అవే మెట్లు. మనిషన్నవాడికి విసుగు పుడుతుంది."

ఆ మాటతో నాకు అనుమానం తగిలింది. బల్ల మీదున్న రిజిస్టరు లాక్కుని వెనక్కి తిప్పాను. ఈ నెల, పోయిన నెల, అంతకు ముందు నెల. అన్నీ నా ముత్యాలే. ఒక్క కొట్టివేత లేదు. ఎనిమిది నెలల్లో నీళ్ళు ఒక్క అంగుళం అటూ ఇటూ కాలేదంటే ఎవరు నమ్ముతారు?

"నాన్నా, తేడా వస్తే కొట్టేసి రాస్తానన్నావు."

నాన్న నీళ్ళు నమిలాడు. "రాలేదు."

"మెట్లు దిగి చూస్తున్నావా?"

"దిగుతూనే ఉన్నానే... మధ్యలో మోకాలు వాచింది. ఇక్కణ్ణుంచి చూసినా ఉజ్జాయింపుగా తెలుస్తుందిలే. పాతికేళ్ళ సర్వీసు, నాకు తెలియదా? రేపట్నుంచి దిగుతా. ఒట్టు."

"ఇప్పుడు దిగు."

"లాయరమ్మా, అన్నం తిననిస్తావా లేదా?"

నాకు కోపం నషాళానికి అంటింది. "తిను. తాతలాగే తిని పడుకో" అనేసి, డబ్బా కూడా తీసుకోకుండా బస్సెక్కేశాను. మా నాన్నతో నేను ఎదురుగా నిలబడి ఆడిన ఆఖరి మాట అదే. కావాలంటే ఇంకో వంద మాటలు అనుండచ్చు, అదే ఎందుకన్నానో. ఇది చెప్పుకుంటే తీరే బాధ కాదు, అయినా చెప్తున్నాను.

మర్నాడు శుక్రవారం స్కూలు ఒంటిపూటే. మధ్యాహ్నం ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని వ్యాసం సాఫుగా రాస్తున్నాను. పంపాలా మానాలా ఇంకా తేల్చుకోలేదు. చెయ్యి మాత్రం రాసుకుంటూ పోతోంది. "ఎవరు రాశారు?" దగ్గర "మా తాత" అని రాశాను. ఎదురుగా నాయనమ్మ మందుల డబ్బాలు రెండు ముందేసుకుంది. పొద్దున వేసుకునే బిళ్ళలు ఒకదాంట్లో, రాత్రివి ఇంకోదాంట్లో. పైన అంటించిన కాగితాలు చెమ్మకి ఊడిపోయాయట.

"ఆ పెన్ను ఇలా ఇవ్వు" అంది.

"నేను రాస్తాలే నాయనమ్మా."

"ఈమాత్రం నాకూ వచ్చు."

పెన్ను పిడికిలి బిగించి పట్టుకుంది. ఒక ముక్క మీద 1 వేసింది. రెండో ముక్క మీద 2 వేసింది. గట్టిగా నొక్కింది, కాగితం కాస్త చిరిగింది. తోక వెనక్కి తిప్పి పైకి లేపింది.

నేను ఆ అంకె వైపు చూశాను. గుడ్డ తీసి తాత పుస్తకం వైపు చూశాను. అదే తేలు కొండి.

"నాయనమ్మా, నీకు రాయడం వచ్చా?"

"రాదు" అంది నాయనమ్మ, నా వైపు చూడకుండా. "మీ తాత నాకు ఒకటీ రెండూ నేర్పాడు. పన్నెండు రాయడానికి ఆ రెండూ చాలు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాయనమ్మ బిళ్ళలు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేస్తూ చెప్పింది. "పెళ్ళైన కొత్తలో మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం ఈ బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళం. ఆయన గళ్ళు గీసేవాడు, నేను పన్నెండ్లు వేసేదాన్ని. 'చూశావా, నీక్కూడా సర్కారు ఉద్యోగం వచ్చింది' అని నవ్వించేవాడు. నాకెంత సంతోషంగా ఉండేదో! అప్పుడు డ్యాము పక్కన మిట్ట మీద ఉండేవాళ్ళం. ఆ గురువారం భోంచేసి పడుకున్నాడు. 'మూడైంది, వెళ్ళి చూడరా?' అన్నాను. 'నువ్వు రాసే ఉంచావుగా, ఒక్క కునుకు తియ్యనీ' అన్నాడు. నాలుగింటికి మీ నాన్న బయట్నుంచి పరిగెత్తుకొచ్చి కేకలేసి లేపాడు. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయన చెప్పులేసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని పరిగెత్తాడు. అంతే. పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది."

"నాన్నకి తెలుసా?"

"వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు."

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు, ఇదే బల్ల, గళ్ళు, అంకెలు. ఆవిడవి పన్నెండ్లు, నావి పద్దెనిమిదులు. ఎలకలు గుర్తొచ్చాయి. అవి మెట్ల మీదుగా ఎందుకు పైకి వస్తాయి? గోడ గడియారంలో మూడు దాటి పది నిమిషాలైంది. నాన్నకి ఫోన్ చేశాను.

"లాయరమ్మా! అలక తీరిందా?" నాన్న గొంతులో నిద్ర ఉంది.

"నాన్నా, నీళ్ళు ఎంత ఉన్నాయి?"

పేజీ చప్పుడు వినపడింది. "పద్దెనిమిది."

"అది ఆదివారం నేను రాసింది నాన్నా. నీళ్ళు ఎంత ఉన్నాయి?"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ వెనక్కి జరిగింది. తలుపు తెరుచుకోగానే హోరు వినపడింది. అంత హోరు వస్తుంటే తలుపు మూసుకుని ఎలా కూర్చున్నాడా అనుకున్నాను. అడుగుల చప్పుడు కిందికి పోయింది. అరవై రెండు మెట్లు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై కూడా కాలేదు, పరిగెత్తుకుంటూ పైకొస్తున్న అడుగులు వినబడ్డాయి. మోకాలి నొప్పి మనిషి అడుగులు కావవి. "అమ్మో" అన్నాడు ఒక్కసారి. పెన్ను గీసిన చప్పుడు. తర్వాత సైరను. ముందు ఫోనులోంచి, ఆ తర్వాత మా కిటికీలోంచి.

"నాన్నా! గేట్లు వద్దు, వచ్చెయ్! నాన్నా!"

ఫోను బల్ల మీదే ఉంది. వినేవాళ్ళు లేరు.

వీధిలోకి పరిగెత్తాను. జనం గుమ్మాల్లో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. ఒక్క మబ్బు లేదు. "ఎవడో మీట నొక్కి చూస్తున్నాడు" అని నవ్వుతున్నారు. నా నోరు పెద్దదని ఊళ్ళో అందరూ ఆడిపోసుకుంటారు. ఆ రోజు ఆ నోరంతా వాడాను. తిట్టాను, తలుపులు బాదాను, కుట్టుషాపు ఆవిణ్ణి చెయ్యి పట్టి ఈడ్చాను. "మా నాన్న కళ్ళతో చూశాడు, నీళ్ళొస్తున్నాయి, స్కూలు మిట్టెక్కండి" అని అరిచాను. గేటు మనిషి కూతురు అరుస్తోందంటే కదిలారు. నాయనమ్మని వీపు మీద వేసుకుని ఎక్కాను. లైబ్రేరియన్ మేడమ్ స్కూలు తలుపులన్నీ బార్లా తెరిచింది. నాలుగున్నరకి కింది వీధుల్లోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. కిటికీల దాకా వచ్చి, పై వీధిలో మా ఇంటిదాకా రాకుండా ఆగాయి. నాన్న రెండు గేట్లు ఎత్తబట్టే కట్ట తెగలేదని, నీళ్ళు అక్కడ ఆగాయని తర్వాత చెప్పారు. మూడో గేటు చక్రం బిగుసుకుపోయిందట. దాన్ని తిప్పుతుండగా గేట్ల మీది కాలిబాట తెగింది. రెండో రోజుకి దొరికాడు.

ఆ సాయంత్రం మిట్ట మీద పిల్లలతో సహా అందర్నీ లెక్కపెట్టారు. ఊరివాళ్ళు ఒక్కరు కూడా తక్కువ కాలేదు.

వారం తిరక్కుండా మున్సిపాలిటీ వాళ్ళు ముగ్గురు మా ఇంటికొచ్చారు. వాళ్ళలో పెద్దాయన మెత్తగా మాట్లాడాడు. "మీ తాతగారి పేరు కింద మీ నాన్నగారి పేరు చెక్కిస్తామమ్మా. రెండు వాక్యాలు నువ్వే రాసివ్వు. హిస్టరీ చదువుతున్నావట కదా." ఇంకొకాయన గదిలో దొరికిన వస్తువులని ఒక సంచీ ఇచ్చాడు. భోజనం డబ్బా, గొడుగు, ఫోను, రిజిస్టరు. విచారణ వాళ్ళకి పేజీల నకలు చాలట, అసలు పుస్తకం గుర్తుగా ఉంచుకోమన్నారు. "ఎంత శుభ్రంగా రాసేవాడో మీ నాన్న, ఒక్క కొట్టివేత లేదు" అన్నాడు.

ఆయన సరిగ్గా చూడలేదు. ఒకటుంది. శుక్రవారం మూడింటి గడిలో నా పద్దెనిమిదిని అడ్డంగా కొట్టేసి, పక్కన వంకరగా 26 అని రాశాడు నాన్న. తేడా వస్తే కొట్టేసి రాస్తానన్న మాట ఒక్కసారి నిలబెట్టుకున్నాడు. దాని కింద ఆరింటి గడిలో నా ముత్యాల్లాంటి 18, పక్కన నాన్న సంతకం. శనివారం గళ్ళలో కూడా. అప్పుడు పెద్దగా ఏడ్చాను. పొద్దున ఆరింటికే ఎవరైనా ఆ మెట్లు దిగి చూసుంటే గేట్లు తీరిగ్గా ఎత్తుకునేవాడు. ఎవరూ దిగక్కర్లేకుండా నేను రాసిపెట్టాను.

వరద వల్ల ఆఖరు తేదీ పదిహేను రోజులు పొడిగించారు. లైబ్రేరియన్ మేడమ్ కబురు పెట్టింది. "పాత వ్యాసం ఎలా ఉంటే అలా పంపెయ్ అమ్మాయ్, నీ పరిస్థితికి ఎవరూ ప్రశ్నలు వెయ్యరు." వెయ్యరు, నాకు తెలుసు. పలక మీదికి రెండు మంచి వాక్యాలు రాసిచ్చినా ఎవరూ వెయ్యరు.

నాయనమ్మ బల్ల అవతల కూర్చుంది. రెండు రిజిస్టర్లూ తెచ్చి నా ముందు పెట్టింది.

"రాస్తే నీ పేరు కూడా బయటికొస్తుంది నాయనమ్మా. నాన్న పేరు పలక మీదికి ఎక్కదు. తాతది కూడా చెరిపేస్తారేమో."

"చెరపనీ" అంది నాయనమ్మ. "నలభై ఒక్క మంది పోయినా నేను నోరు విప్పలేదు. మీ తాత పేరు చెడుతుందని మూసుకు కూర్చున్నాను. నీ చేతికి మీ నాన్న పుస్తకం వచ్చినప్పుడు, పదేళ్ళ పిల్లవి, ఇదే బల్ల దగ్గర అంకెలు వేస్తుంటే చూశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. విప్పుంటే నా కొడుకు బతికుండేవాడు. ఇంకెవరి ఇంట్లో ఎవరు నింపుతున్నారో మనకేం తెలుసు? రాయవే తల్లీ."

గంటల కాగితాలు నాలుగూ బయటికి తీసి, చదవని గంటలన్నీ ముందు కొట్టేశాను. మిగిలినవి చూస్తే క్రెడిట్‌కి కావలసిన దాంట్లో సగం కూడా లేవు. ఉన్నవే ఉండనిచ్చాను. తర్వాత కొత్త కాగితం తీసుకుని మొదటి ప్రశ్న రాశాను. ఎవరు రాశారు?

మొదటి పుస్తకం మా నాయనమ్మ, రెండోది నేను.